కార్బ్యురేటర్ చివర్లో చూద్దాం: పాత ఫోర్డ్ మస్టాంగ్ కారు కొన్న మేనల్లుడికి

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ మేనల్లుడు అంత డబ్బు పోసి తుప్పు కొన్నాడురా, నువ్వే ఎక్కించి ఉంటావు" అని గంటసేపు క్లాసు పీకింది. నేనేం ఎక్కించలేదని నీకూ తెలుసు. అయినా ఫొటోలు చూశాక నాకే కాస్త కుళ్లుగా ఉంది. బండి బాగుంది. ఇక్కడ డెట్రాయిట్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఆ కాలం బళ్ల అడుగులు జల్లెడలైపోయాయి, నీకు టెక్సస్ బండి దొరకడం అదృష్టం.

నువ్వు పంపిన బండి ఛాసిస్ నంబరు 7ఆర్01సి అని మొదలైంది కదా. 7 అంటే 1967 మోడల్, ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే ప్లాంటు, 01 హార్డ్‌టాప్ (మడవని గట్టి పైకప్పు), సి అంటే 289 ఘనపు అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, గాలీ పెట్రోలూ కలిపే రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్‌తో, 200 హార్స్‌పవర్. అయితే అది బండి పుట్టినప్పటి సంగతి. ఇన్నేళ్లలో ఇంజన్ మార్చి ఉండొచ్చు, కాబట్టి మొదట, కుడివైపు స్టార్టర్ మోటారు పైన, వెనకవైపు బ్లాకు మీద ఉన్న పోత నంబరు అద్దం పెట్టి చూసి నాకు ఫొటో పంపు. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, 289 ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-5-4-2-6-3-7-8. అదే ఎనభైల్లో వచ్చిన 5.0 హెచ్‌ఓ ఇంజన్‌ది 1-3-7-2-6-5-4-8. బయటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఏది కూర్చుందో తెలియకుండా ప్లగ్ వైర్లు పీకి మళ్లీ పెట్టావంటే దగ్గుతుంది, వెనక్కి పేలుతుంది, తర్వాత వారం రోజులు లేని జబ్బు వెతుక్కుంటూ కూర్చుంటావు. ఇంకోటి, షెవీ (షెవ్రొలే) బళ్లలో ఒకటి, మూడు, ఐదు, ఏడు ఒక వైపు ఉంటాయి. ఫోర్డ్‌లో అలా కాదు, ప్యాసింజర్ వైపు ముందు నుంచి వెనక్కి 1, 2, 3, 4, డ్రైవర్ వైపు 5, 6, 7, 8. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ కూడా షెవీకి గడియారం దిశలో తిరిగితే నీదానికి ఎదురు దిశలో తిరుగుతుంది. యూట్యూబ్‌లో షెవీ వీడియో చూసి ఫోర్డ్ మీద చెయ్యి వెయ్యకు.

ఇక అసలు సంగతి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతోంది, అరగంట తిరిగాక సిగ్నల్ దగ్గర వణికి ఆగిపోతోంది, ఇరవై నిమిషాలు చల్లారితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతోంది అన్నావు. అది విని నీ ఫ్రెండు కొత్త కార్బ్యురేటర్, ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఆర్డర్ పెట్టమన్నాడు. ఆ కార్ట్ ముందు ఖాళీ చెయ్యి. ఒక్క పార్టు కూడా కొనకు. కొనాల్సినవి కంప్రెషన్ గేజ్, వాక్యూమ్ గేజ్, టైమింగ్ లైట్, మామూలు మల్టీమీటర్, ఫీలర్ గేజ్, స్పార్క్ టెస్టర్, అంగుళాల లెక్కలో ఉండే సాకెట్ సెట్టు. నీ టొయోటాకి కొన్న మిల్లీమీటర్ల సెట్టు ఇక్కడ బోల్టుల తలలు గుండ్రం చెయ్యడానికి తప్ప పనికిరాదు. ఆ సంవత్సరపు ఫ్యాక్టరీ షాప్ మాన్యువల్ రీప్రింట్ దొరుకుతుంది, అదీ తెప్పించు. అన్నిటికంటే ముందు పెట్రోలు మంటలకు పనికొచ్చే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి, గరాజ్‌లో చేతికందే చోట. ఇంజన్ నడుస్తున్నంతసేపూ గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి ఉండాలి, ఇందులో చర్చ లేదు.

కంప్రెషన్‌తో మొదలుపెట్టు. ఇంజన్ వేడెక్కాక ఎనిమిది ప్లగ్గులూ తియ్యి, ఏది ఏ సిలిండర్‌దో వరసగా అట్టముక్క మీద పెట్టు. ప్లగ్ మొహం చూస్తే సగం కథ తెలుస్తుంది. లేత గోధుమ రంగుంటే మంచిది, పొడి మసి పట్టుంటే పెట్రోలు ఎక్కువవుతోంది, నూనె తడి ఉంటే లోపల ఆయిల్ వస్తోంది. ప్లగ్గులకి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్ కనెక్షన్ పీకి, థ్రాటిల్ (గాలి లోపలికెళ్లే దారి మూత) పూర్తిగా తెరిచి పెట్టి, ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌నీ సమానంగా ఐదారు దెబ్బలు తిప్పు. అంకె ఎంతొచ్చిందన్న దానికంటే అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది చూడు. అన్నిటికంటే తక్కువది, ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకూడదు. తగ్గినదాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. అంకె పెరిగితే రింగులు అరిగాయి, కదలకపోతే వాల్వు సంగతి. పక్కపక్క సిలిండర్లు రెండూ, అంటే 2, 3 లాంటివి, కలిసి పడిపోయాయంటే హెడ్ గాస్కెట్‌ని అనుమానించు. ఇవన్నీ బాగుంటేనే మిగతా పని. లోపల వాల్వు కాలిపోయి ఉంటే పైన ఎంత ఖరీదైన కార్బ్యురేటర్ పెట్టినా ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పటి నడక, కుదరదు.

ప్లగ్గులు తీసే ఉన్నాయి కాబట్టి పిస్టన్లు తిప్పే క్రాంక్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్‌నీ కలిపే టైమింగ్ చెయిన్ కూడా అప్పుడే చూసెయ్యి. బ్యాటరీ వైరు తీసి, డిస్ట్రిబ్యూటర్ మూత ఎత్తి, ముందు కప్పీ మధ్యలో ఉన్న పెద్ద బోల్టుకి 15/16 సాకెట్ పెట్టి ఇంజన్‌ని చేత్తో సవ్య దిశలో కొద్దిగా తిప్పు, తర్వాత మెల్లగా వెనక్కి తిప్పు, రోటర్ ఎప్పుడు కదులుతుందో చూడు. క్రాంక్ పది డిగ్రీలు తిరిగినా రోటర్ ఉలకకపోతే చెయిన్ సాగిపోయింది. ఆ రోజుల్లో అమెరికన్ వీ8ల్లో శబ్దం తగ్గాలని క్యామ్ గేరు పళ్లకి నైలాన్ తొడిగేవాళ్లు, వయసు మీద పడ్డాక అది పెళుసెక్కి ముక్కలై ఆయిల్ పాన్‌లో పడి, పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. చెయిన్ మార్చాల్సొస్తే పాన్ కూడా దింపి ఆ ముక్కలు ఏరాలి. చాలామంది బద్ధకించి ఇది వదిలేస్తారు, తర్వాత బేరింగులు పోతాయి.

ఇంకో దొంగ ఉన్నాడు, ఆ బోల్టు చుట్టూ ఉండే, ఇంజన్ ఊపు తగ్గించే హార్మోనిక్ బ్యాలన్సర్. లోపల ఇనుప బొడ్డు, బయట ఇనుప చక్రం, మధ్యలో రబ్బరు. నిప్పురవ్వ ఎప్పుడు పుడుతోందో చూపే టైమింగ్ గీతలు బయటి చక్రం మీద ఉంటాయి. రబ్బరు పాతబడి చక్రం జారితే గీతలన్నీ అబద్ధం చెబుతాయి, నువ్వు లైటు పెట్టి 6 డిగ్రీలని సంబరపడుతుంటే అక్కడ నిజంగా ఎంతుందో దేవుడికే తెలియాలి. అందుకని ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించు, చేత్తో మెల్లగా తిప్పుతూ పిస్టన్ తగలగానే ఆపి పాయింటర్‌కి ఎదురుగా చాక్‌పీస్‌తో గీత పెట్టు, ఎదురు దిశలో తిప్పి మళ్లీ తగిలినచోట ఇంకో గీత పెట్టు. రెండు గీతల మధ్యలో సగం ఎక్కడొస్తే అదే నిజమైన సున్నా, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటు. ఫ్యాక్టరీ సున్నా అక్కడే ఉంటే సరే, లేకపోతే బ్యాలన్సర్ మార్చాలి. 289కి 28 ఔన్సుల అసమతూకం ఉన్నది కావాలి. ఎనభైల 5.0 ఇంజన్‌ది 50 ఔన్సులు, అది బిగిస్తే బండంతా ఊగుతుంది.

ఇప్పుడు ఇగ్నిషన్. నీ లక్షణాలు వింటుంటే నా అనుమానం ఎక్కువగా ఇక్కడే. వేడెక్కాక ఆగి, చల్లారాక పనిచేసే జబ్బు కాయిల్‌కో, డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సర్‌కో ఉండడం మామూలే. జనం మాత్రం డాలస్ ఎండని చూసి వేపర్ లాక్, అంటే పెట్రోలు వేడికి గొట్టంలోనే ఆవిరై ఆగిపోవడం, అనేస్తారు. కాబట్టి బండి ఆగిన క్షణమే నీకు పరీక్ష. చల్లారనివ్వకు, తోసి పక్కకి పెట్టి ఇంజన్ కట్టేసి ఎయిర్ క్లీనర్ మూత తియ్యి, కార్బ్యురేటర్ లోపలికి చూస్తూ చేత్తో థ్రాటిల్ ఒక్కసారి తెరువు. మొహం దూరంగా పెట్టు, సిగరెట్ గాళ్లని దగ్గరికి రానివ్వకు. రెండు సన్నటి ధారలు గట్టిగా చిమ్మాయా? అయితే కార్బ్యురేటర్ తొట్టిలో పెట్రోలుంది, వేపర్ లాక్ మాట దాదాపు మర్చిపోవచ్చు. ధార రాకపోతే, లేదా తుప్పుక్కుమని బుడగలొస్తే అప్పుడు పెట్రోలు వైపు వెళ్దాం. ధార వచ్చిందంటే వెంటనే మూత పెట్టేసి, పెట్రోలు ఆవిరి పోయేదాకా ఒక్క నిమిషం ఆగి, ఒక ప్లగ్ వైరుకి స్పార్క్ టెస్టర్ తగిలించి, టెస్టర్‌ని కార్బ్యురేటర్‌కి దూరంగా పెట్టి ఎవరితోనైనా తాళం తిప్పించు. చటచటమని నీలం రంగు నిప్పురవ్వ రావాలి. పల్చగా పసుపుగా వచ్చినా, అసలు రాకపోయినా దొంగ దొరికినట్టే. ఆ పది నిమిషాల పనికి నువ్వు కార్ట్‌లో పెట్టుకున్న సామాను డబ్బంతా మిగులుతుంది.

డిస్ట్రిబ్యూటర్ లోపల కాయిల్ కరెంటుని కలిపి విడదీసే స్విచ్చు లాంటి పాయింట్లు తెరిచి చూడు. మొహాలు గుంటలు పడి నీలంగా మాడి ఉంటే కొత్తవి వెయ్యి, కండెన్సర్ కూడా మార్చు. అయితే పాయింట్లు ఎందుకు మాడాయో కనుక్కోకుండా వదలొద్దు. ఫోర్డ్‌లో తాళం నుంచి కాయిల్‌కి వెళ్లే దారిలో గులాబీ రంగు రెసిస్టెన్స్ వైరు ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు కాయిల్‌కి పూర్తి బ్యాటరీ వోల్టేజీ అందుతుంది, తాళం వదలగానే ఆ వైరు గుండా తగ్గించి ఇస్తారు. ఎవరో మహానుభావుడు మధ్యలో దాన్ని తప్పించి మామూలు వైరు వేసి ఉంటే పాయింట్లు వారాల్లో మాడిపోతాయి, కాయిల్ కాలుతుంది. ఎలక్ట్రానిక్ కిట్ వేసి ఉన్న బండిలో దీనికి పూర్తి తిరగబడ్డ కథ, చాలా కిట్లకి పూర్తి 12 వోల్టులు కావాలి. ఇంజన్ నడుస్తుండగా కాయిల్ ప్లస్ దగ్గర మీటర్ పెట్టి ఎంతొస్తోందో నాకు రాయి. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేసి వైర్లు చూస్తూ కూర్చోవద్దు, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ ఊరికే కాలుతుంది.

పాయింట్ల గ్యాప్ 0.017 అంగుళం, డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) మీటర్ దొరికితే 26 నుంచి 31 డిగ్రీల మధ్య. పాయింట్ల రబ్బింగ్ బ్లాక్ రాసుకునే డిస్ట్రిబ్యూటర్ క్యామ్ మీద గ్రీజు ఒక చుక్క, ఎక్కువ వద్దు. గ్యాప్ కుదిరాకే టైమింగ్ పెట్టు, ఎందుకంటే గ్యాప్ కదిలితే టైమింగ్ కూడా కదులుతుంది. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం పీకి దాని మూతి మూసి, ఐడిల్ తగ్గించి, లైటు కొట్టు. నీ ఇంజన్‌కి మామూలుగా పిస్టన్ పైకి చేరడానికి 6 డిగ్రీలు ముందు, పొగ తగ్గించే ఎయిర్ పంపు ఉన్న బళ్లకి అంకె వేరు, మాన్యువల్‌లో నీ బండి వరసే చూసుకో. తర్వాత నెమ్మదిగా రేజ్ చెయ్యి, గీత మెత్తగా జరగాలి. ఆగి ఆగి గెంతితే డిస్ట్రిబ్యూటర్ లోపల బరువులు జిడ్డు పట్టి ఇరుక్కున్నాయి.

అప్పుడు వాక్యూమ్ గేజ్. నాడి పట్టే వైద్యుడికి చెయ్యెంతో మనకి ఇది అంత. ఇంజన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌కి తగిలించి ఐడిల్‌లో చూస్తే ముల్లు 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. తక్కువలో కదలకుండా ఉంటే టైమింగ్ వెనకబడింది లేదా ఎక్కడో గాలి లీకవుతోంది. ఒకే లయలో టక్కున పడి లేస్తుంటే వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు. సిగ్నల్ దగ్గర వణుకుతోందన్నావు కాబట్టి కార్బ్యురేటర్ కింద గాస్కెట్, బ్రేక్ బూస్టర్ ఉంటే దాని గొట్టం, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి వెళ్లే గొట్టం, పగుళ్లిచ్చాయేమో వేళ్లతో వంచి చూడు.

ఇవన్నీ అయ్యాకే కార్బ్యురేటర్. నీ ఆటోలైట్ 2100 చాలా మంచిది, పారేసి చైనా కాపీ పెట్టుకోవద్దు. శుభ్రం చేసి కిట్ వేస్తే చాలు. నల్లపొగ, పెట్రోలు వాసన వస్తుంటే కింద పవర్ వాల్వు డయాఫ్రమ్ చిరిగిందేమో చూడు. మిక్స్చర్ స్క్రూలు రెండూ మెత్తగా తగిలేదాకా తిప్పి, బిగించకుండా, ఒకటిన్నర చుట్టు వెనక్కి తెచ్చి, అక్కణ్ణుంచి వాక్యూమ్ ముల్లు ఎక్కడ ఎత్తులో ఉంటే అక్కడ ఆపు. పంపు సంగతికొస్తే, ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడు. పెట్రోలు వాసన వస్తే మెకానికల్ పంపు డయాఫ్రమ్ చిరిగి ఆయిల్లో కలుస్తోందేమో, అది సరిచేసి ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు. రబ్బరు గొట్టాలు మాత్రం అడక్కుండా మార్చెయ్యి. ఇప్పటి పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరుని అది తినేస్తుంది. మీద 30ఆర్9 అని ముద్ర ఉన్నవి తీసుకో.

ఆయిల్ గురించి ఒక్క మాట. ఈ ఇంజన్లో టాపెట్లు క్యామ్ మీద రాసుకుంటూ తిరుగుతాయి, వాటికి ఆయిల్లో జింక్, ఫాస్ఫరస్ కావాలి. కాటలిటిక్ కన్వర్టర్ల కోసం కొత్త పల్చటి ఆయిల్స్‌లో అవి తగ్గించేశారు. పాత బళ్లకని అమ్మే ఆయిల్ తీసుకో, ఫిల్టర్‌తో కలిపి 5 క్వార్టులు పడుతుంది. సీసం లేని పెట్రోలుకి వాల్వు సీట్లు అరుగుతాయని ఎవరో భయపెట్టారని రాశావు, వారాంతం తిరుగుళ్లకి దాని గురించి టెన్షన్ వద్దు. హెడ్ ఎప్పుడైనా విప్పితే అప్పుడు గట్టి సీట్లు వేయిద్దాం.

ఈ శనివారం కంప్రెషన్ వరకే చెయ్యి. ఎనిమిది అంకెలూ, ప్లగ్గుల ఫొటో, పోత నంబరు, కాయిల్ దగ్గర వోల్టేజీ నాకు వాట్సాప్‌లో పెట్టు. ఆదివారం మధ్యాహ్నం మీ అత్తయ్య గుడికి వెళ్తుంది, నేను ఖాళీ, వీడియో కాల్‌లో బ్యాలన్సర్ పని చూద్దాం. ఈలోగా మీ అమ్మకి నేనే ఫోన్ చేస్తాలే.

మామయ్య