సూప్ డబ్బా సంచి ఎవరి చేతుల మీదుగా వచ్చింది?

చి.సౌ. సుధకు బాబాయ్ ఆశీస్సులు.

మీ అత్తగారి ఇంటి అటక మీద అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేసిన సూప్ డబ్బా బొమ్మ ఉన్న కాగితపు సంచి దొరికిందని రాశావు. "మా నాన్న 1964లో న్యూయార్క్‌లో కొన్నారు" అని ఆవిడ అన్నారు కదా అని వెంటనే వేలం సంస్థకు రాసేయకు. పెద్దల మాట చద్దిమూటే కానీ, వేలంవాళ్లు చద్దిమూటకు వెల కట్టరు.

ముందు అది ఏ సంచో తేల్చు. మన్‌హట్టన్‌లోని బియాంకినీ గ్యాలరీలో 1964 అక్టోబర్ 6 నుంచి నవంబర్ 7 దాకా 'అమెరికన్ సూపర్‌మార్కెట్' అనే ప్రదర్శన జరిగింది. వార్హోల్ సూప్ డబ్బా, మరో చిత్రకారుడు లిక్టెన్‌స్టైన్ వేసిన టర్కీ కోడి అచ్చేసిన సంచులు అక్కడివే. 1966లో బోస్టన్‌లో జరిగిన వార్హోల్ ప్రదర్శనకు మరో సూప్ డబ్బా సంచి వచ్చింది. చాలా ఇళ్లలో ఈ రెండూ కలగాపులగం అవుతాయి. పిడులు వదిలేసి కొలిస్తే మొదటిది సుమారు పంతొమ్మిదిన్నర అంగుళాల ఎత్తు, 17 వెడల్పు. బోస్టన్‌దానికి 24 అంగుళాల ఎత్తని రాస్తుంటారు, అందులో పిడులు కలిశాయో లేదో చూసుకో. మడతలు బలవంతంగా విప్పకుండా కొలువు. పది రెట్ల భూతద్దంలో సిరా కాగితం మీద పొరలా నిలిచి కనిపిస్తే స్క్రీన్ ప్రింట్, అంటే జాలీ గుడ్డ గుండా సిరా నొక్కి అచ్చేసింది. సన్నని రంగు చుక్కలు పూల రేకుల్లా గుంపులు కట్టి ఉంటే అది పత్రికలు అచ్చేసే ఆఫ్‌సెట్ యంత్రం మీద తీసిన నకలు కావచ్చు.

తరువాత ఫొటోలు. ముందు, వెనక, అడుగు, లోపల, అంటించిన అంచులు, పిడులు అన్నీ పక్కన స్కేలు పెట్టి తియ్యి. సంతకం ఉంటే పక్క నుంచి వాలుగా వెలుతురు వేసి ఒకటి తియ్యి, పెన్ను నొక్కిన గాడి తెలుస్తుంది. ఫ్రేములో ఉంటే నువ్వు విప్పకు. వెనక చీటీలను మాత్రం అక్షరం అక్షరం చదువు.

ఆ చీటీలే అసలు సాక్షులు. అమెరికాలో జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) మొదలైంది 1963 జులైలో. అయిదంకెల తర్వాత గీత పెట్టి ఇంకో నాలుగంకెలు ఉంటే 1983 తర్వాతిది. బ్రూక్లిన్ ఫ్రేము దుకాణం చీటీ మీద 718 ఫోన్ కోడ్ ఉంటే అది 1984 ముందుది కాదు. ఒక చిక్కుంది: చీటీ చెప్పేది ఫ్రేము సంగతి, లోపలి సంచి సంగతి కాదు. పాత ఫ్రేములో కొత్త బొమ్మ పెట్టడం ఎవరికీ కష్టం కాదు.

ఇంటి ఆల్బమ్‌లు కూడా తిరగెయ్యి. ఆ రోజుల కలర్ ప్రింట్ల అంచున చాలావాటికి నెల, సంవత్సరం అచ్చయి ఉంటాయి. అది ప్రింటు తీసిన నెల, ఫొటో తీసిన నెల కాదు. క్రిస్మస్ ఫొటో మీద మార్చి అని ఉంటే కంగారు పడకు, రీలు కెమెరాలోనే ఉండిపోయి ఉంటుంది. వంటింటి గోడ మీద ఆ సంచి కనిపించే ఒక్క 1965 ఫొటో పది మంది నోటి మాటకు సమానం.

అత్తగారిని అడిగేటప్పుడు "బియాంకినీలోనే కొన్నారా?" అనకు. నువ్వు పేరు అందిస్తే ఆవిడకు ఆ పేరే గుర్తుకొస్తుంది. "ఏ ఏడు ఏ ఇంట్లో ఉండేవారు? మొదటిసారి ఎక్కడ చూశారు?" అని అడుగు. కళ్లారా చూసింది ఒకచోట, విన్నది మరోచోట, తేదీ వేసి రాసుకో. చెప్పిన చిరునామాలను పాత టెలిఫోన్ డైరెక్టరీలతో సరిచూడు. 1960 జనగణన పత్రాలు 2032 దాకా బయటికి రావు కాబట్టి ఈ పనికి డైరెక్టరీలే దిక్కు.

కాగితాల్లో రసీదు, డబ్బు చెల్లించాక బ్యాంకు తిరిగి పంపిన చెక్కు, ఇంటి బీమాలో విడిగా రాయించిన వస్తువుల పట్టీ, ఇల్లు మారినప్పటి సామాను జాబితా వెతుకు. అత్తగారి నాన్నగారు న్యూయార్క్ రాష్ట్రంలో చనిపోయి ఉంటే వీలునామా ఫైలు ఆ కౌంటీ (జిల్లా లాంటిది) సరొగేట్ కోర్టులో, అంటే వీలునామాలు చూసే కోర్టులో, ఉంటుంది. చాలాసార్లు 'ఇంటి సామాను' అని ఒక్క మాటే దొరుకుతుంది. అయినా వారసులెవరో తెలుస్తుంది, అది తక్కువేం కాదు. తాతకూ మనవడికీ ఒకే పేరుంటే పుట్టిన తేదీతో విడదియ్యి. విడాకులు ఉంటే పంపకాల పత్రం చూడాలి. అత్తగారి తోబుట్టువులకూ ఇందులో హక్కుందేమో ఇప్పుడే అడుగు. అమ్మకం కుదిరాక ఆ ప్రశ్న లేస్తే గొడవే.

చివరికి అమెరికా మ్యూజియంల పద్ధతిలో సంచి చేతులు మారిన వరస రాయి: యజమాని, ఊరు, ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా, ఎలా చేతికొచ్చింది. ఒకరి నుంచి నేరుగా మరొకరికి వెళ్తే మధ్య సెమికోలన్, నడుమ ఖాళీ ఉంటే చుక్క. ఖాళీని ఊహతో పూడ్చకు. ఖాళీ ఉన్నా కొనేవాళ్లు ఉంటారు, అబద్ధం దొరికితే ఎవరూ ఉండరు.

ఎవరైనా "వార్హోల్ బోర్డుతో ముద్ర వేయిస్తాం" అంటే డబ్బివ్వకు. వార్హోల్ బొమ్మలు అసలో కాదో తేల్చే ఆ బోర్డు 2012లోనే మూతపడింది. పిట్స్‌బర్గ్‌లోని వార్హోల్ మ్యూజియం కూడా అసలో నకలో తేల్చి చెప్పదు. స్మిత్‌సోనియన్ వారి అమెరికన్ కళా భాండాగారంలో ఆనాటి న్యూయార్క్ కాస్టెల్లీ, గ్రీన్, స్టేబుల్ గ్యాలరీల కాగితాలు ఉన్నాయి. పెయింటింగ్ అయితే అక్కడ వెతకమనేవాణ్ణి. కౌంటర్ మీద చిల్లరగా అమ్మిన సంచికి కొన్నవాళ్ల పేరు రాసుకుని ఉంటారని ఆశ పెట్టుకోకు.

ముందు అడుగు భాగం, పిడులు ఫొటో తీసి పంపు. ఈలోగా ఆమ్లం లేని కాగితంలో పెట్టి, వెలుతురు తగలని చోట పడుకోబెట్టు. టేపు వేయకు, ఇస్త్రీ అసలు చేయకు.

మీ బాబాయ్