పిడికిట్లో నలిగిన అంచు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. నాన్న దెబ్బలు, "నీ ఒంటికి ఏ బట్టా నప్పదు" అనే మాట, వీటి మధ్యే పెరిగాను. దెబ్బ పడేలోపు స్వెట్టర్ చేతుల అంచుల్ని పిడికిట్లో బిగించి పట్టుకునేదాన్ని. ఫ్యాషన్ డిజైన్ కోర్సుకు పంపిన పోర్ట్‌ఫోలియోను "ఆలోచన ఎదిగిన తీరు కనిపించలేదు" అని తిప్పి పంపారు. ఈసారి నా బాల్యం మీదే 6 డ్రెస్సులు చేద్దామనుకుంటే, కత్తెర పట్టగానే చేతులు వణుకుతున్నాయి, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అన్నయ్యేమో ఇంటి గుట్టు రచ్చకెక్కించొద్దంటున్నాడు. చేయనా, మానేయనా?

జవాబు: చేయండి. కానీ ఆరూ ఒక్కసారి వద్దు. ముందు ఒక్క స్లీవ్ చేయండి చాలు.

బాల్యమంతా బట్టలో పెట్టాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చేతికి తెలియదు. అప్పుడు చాలామంది చేసేది గుడ్డను చింపడం, ఎర్ర రంగు చల్లడం. చూసేవాళ్లకు అందులో హింస కనిపిస్తుంది, మీరు కనిపించరు. బ్రిటిష్ ఫ్యాషన్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ అంతటివాడికే ఆ ఇబ్బంది తప్పలేదు. 1995లో చిరిగిన దుస్తులతో ఆయన చూపిన 'హైలాండ్ రేప్' కలెక్షన్‌ను చాలామంది ఆడవాళ్ల మీద అత్యాచారంగా చదివారు. తాను చెప్పింది స్కాట్లండ్ మీద ఇంగ్లండ్ సాగించిన దౌర్జన్యం గురించి అని ఆయన వివరించుకోవాల్సి వచ్చింది.

మీ దగ్గర అంతకన్నా గట్టి సరుకుంది. పిడికిట్లో నలిగిన ఆ అంచు. ఆ వయసులో మిమ్మల్ని మీరు కాపాడుకోవడానికి కనిపెట్టుకున్న పని అది. దాన్నే కుట్టు సమస్యగా మార్చండి: పట్టుకుంటే ధైర్యమిచ్చే అంచు ఎలా ఉండాలి?

మోచెయ్యి కాస్త వంచి, భుజం ఎముక చివర నుంచి మణికట్టు ఎముక దాకా కొలవండి. దానికి 8 సెం.మీ. కలపండి. పిడికిలి బిగించి కణుపుల చుట్టూ టేపు పెట్టి, వచ్చిన కొలతకు 2 సెం.మీ. కలిపితే అంచు చుట్టుకొలత వస్తుంది. అంతకన్నా బిగిస్తే చెయ్యి దూరదు, మరీ వదులైతే గుడ్డ వేళ్ల మీదికి జారి పని చేసుకోనివ్వదు. కుట్టుకు 1.5 సెం.మీ. వదిలి, మస్లిన్‌లో, అంటే ట్రయల్‌కు వాడే మామూలు నూలు గుడ్డలో, టాకాలు వేసి తొడుక్కోండి. చెయ్యి పైకెత్తినప్పుడు భుజం దగ్గర లాగితే పొడవును అనుమానించకండి. స్లీవ్ పైభాగం, అంటే క్యాప్, ఎత్తు ఎక్కువై ఉంటుంది. 1 సెం.మీ. తగ్గించి, ఆ మేరకు స్లీవ్ వెడల్పు పెంచండి. వెడల్పు పెంచకపోతే చంక దగ్గర కుట్టు సరిపోదు. చివరికి నిట్ గుడ్డలో, అంటే స్వెట్టర్‌లా సాగే అల్లిక గుడ్డలో, చేయాలనుకుంటే ట్రయల్ కూడా పాత నిట్ గుడ్డతోనే వేయాలి. మస్లిన్‌లో సరిపోయిన కొలత నిట్‌లో సాగిపోతుంది.

ఇలా నాలుగైదు ట్రయల్స్ అవుతాయి. ప్రతిదానికీ ఫొటో, తేదీ, ఏం మార్చారో ఎందుకు మార్చారో రెండు లైన్లు రాసి పెట్టుకోండి. వాళ్లు కనిపించలేదన్నది సరిగ్గా ఇదే. తిరస్కరణ వచ్చిన రోజు మీరు చదివింది ఆ ఒక్క వాక్యమే అయినా, చెవిలో పడింది మాత్రం "నీ ఒంటికి ఏదీ నప్పదు" అన్న పాత మాట అయి ఉంటుంది. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ పక్క వాళ్లు రాసింది రాయండి, కుడి పక్క మీకు వినిపించింది రాయండి. పోర్ట్‌ఫోలియోలో దిద్దాల్సింది ఎడమ పక్క మాత్రమే. కుడి పక్కది మీ తప్పు కాదు, ఎప్పుడూ కాదు.

ఇక వణుకు సంగతి. వణుకుతున్న చేత్తో కత్తెర పట్టొద్దు, గుడ్డా పాడవుతుంది, వేలూ తెగుతుంది. కూర్చునే ముందు మనసులో బాధ 0 నుంచి 10 వరకు ఎంతుందో అంకె వేయండి. 7 దాటితే ఆ రోజు జ్ఞాపకం జోలికి పోకుండా బాబిన్లు చుట్టడమో, అంచులు మడిచి కుట్టడమో చేయండి. 7 దాటకపోతే 45 నిమిషాలకు టైమర్ పెట్టుకుని, మోగగానే ఆపి మళ్లీ అంకె వేయండి. వరుసగా 3 సార్లు లేచేటప్పటి అంకే పెద్దదైతే ఈ స్లీవ్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టేయండి. పని పగటిపూటే చేయండి. స్కెచ్‌లూ పాత ఫొటోలూ పడుకునే గదిలో ఉంచకండి.

జ్ఞాపకాలు రాస్తే తేలికవుతుందని ఎవరైనా చెప్పి ఉండొచ్చు. సైకాలజిస్టు జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో అలా రాయించింది రోజుకు 15 నిమిషాలు, 4 రోజులు. రాసిన వెంటనే మనసు మరింత బరువెక్కడం మామూలే. అందుకే నిద్ర కుదుటపడేదాకా మీకది వద్దంటాను.

పీడకలలు, ఉన్నట్టుండి ఆ రోజుల్లోకి వెళ్లిపోయినట్టు అనిపించడం నెల దాటి సాగుతుంటే, మనసు గాయాల మీద పనిచేసే శిక్షణ ఉన్న సైకాలజిస్టును కలవండి. ఆ గాయం మీదే దృష్టి పెట్టి ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స సీబీటీ, కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎమ్‌డీఆర్ అనే రెండు పద్ధతుల్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది. కుట్టుపని వాటికి తోడుంటుంది, వాటి బదులు పనికిరాదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అదే రోజు ఎవరికైనా చెప్పి, వాళ్లను తోడు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అన్నయ్య భయమూ ఉత్తిది కాదు, ఆయన పెరిగిందీ ఆ ఇంట్లోనే. కానీ బట్ట చేయడం వేరు, కథ చెప్పడం వేరు. జపాన్ ఫ్యాషన్ డిజైనర్ ఇస్సే మియాకే 1945లో హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు ఏడేళ్ల పిల్లవాడు. బాంబు నుంచి బతికిన డిజైనర్ అన్న ముద్ర ఇష్టం లేక దశాబ్దాల పాటు ఆ మాట ఎత్తలేదు. 2009లో తనకు చెప్పాలనిపించినప్పుడే రాశారు. మీరూ పోర్ట్‌ఫోలియోలో "భయం వేసినప్పుడు పిల్లలు పట్టుకునే అంచు నుంచి ఈ స్లీవ్ పుట్టింది" అని రాసి ఆపేయొచ్చు. నాన్న ప్రస్తావన, ఇంటి ఫొటోలు అక్కర్లేదు. ఇంటర్వ్యూలో అడిగితే "అది నా సొంత విషయం, నిర్మాణం గురించి చెబుతాను" అనండి. ఆ జవాబు ముందే నాలుగుసార్లు పైకి అని చూసుకోండి, లేకపోతే అక్కడ నోరు పెగలదు.

అన్నయ్యకు ఆ ఒక్క వాక్యం చూపించండి, అనుమతి కోసం కాదు, తెలియడం కోసం. వీలైతే ట్రయల్ స్లీవ్ ఆయన చేతికీ తొడిగి చూడమనండి.