షియాన్‌లో శని, ఆదివారాలు

ప్రశ్న: ఉండేది వేళచ్చేరి, సొంతూరు తెనాలి. ఆఫీసు పని మీద మూడు వారాలు బీజింగ్ పంపిస్తున్నారు. మధ్యలో ఒక్క శని, ఆదివారాలే ఖాళీ. షియాన్ వెళ్లొద్దామని మట్టి సైనికులు, కోటగోడ, చరిత్ర మ్యూజియం, మసీదు వీధి, రెండు పగోడాలు, హువాషాన్ కొండ అన్నీ రాసి పెట్టుకున్నాను. రెండు రోజులు సరిపోతాయా?

జవాబు: సరిపోవు. ముందు హువాషాన్ కొట్టేయండి, అది ఊరికి వంద కిలోమీటర్ల పైమాటే, ఒక రోజు మొత్తం మింగేస్తుంది. చరిత్ర మ్యూజియం మంచిదే కానీ ముందే బుక్ చేసుకోవాలి, స్లాట్లు ఇట్టే అయిపోతాయి, దొరికితే వెళ్లండి, దొరక్కపోతే టెన్షన్ పడొద్దు.

శుక్రవారం పని కాస్త ముందు ముగించుకుని బీజింగ్ వెస్ట్ స్టేషన్‌లో ఫాస్ట్ ట్రైన్ ఎక్కండి. దాదాపు 1200 కిలోమీటర్లు, బండిని బట్టి నాలుగున్నర నుంచి ఆరు గంటలు, అంటే మనం చెన్నై సెంట్రల్‌లో ఎక్కి విజయవాడలో దిగేందుకు పట్టేంత టైము. టికెట్ పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు కాబట్టి పాస్‌పోర్టు హోటల్ లాకర్లో పెట్టి వెళ్లకండి. షియాన్ నార్త్‌లో దిగితే మెట్రో రెండో లైను నేరుగా ఊరి నడిబొడ్డున ఉన్న గంట గోపురం దగ్గరికి తీసుకెళ్తుంది, బస ఆ చుట్టుపక్కలే చూసుకోండి.

శనివారం పొద్దున్నే మట్టి సైనికుల దగ్గరికి. అది ఊళ్లో లేదు, తూర్పున లింటాంగ్ వైపు సుమారు 40 కిలోమీటర్లు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ చోటు అది. క్రీస్తుపూర్వం 210లో చనిపోయిన చిన్ షీ హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపలా సైన్యం, మొత్తం ఎనిమిది వేల దాకా ఉంటారని అంచనా. మూడు గుంతలుంటాయి, అందరూ ఒకటో గుంతలోకి తోసుకుపోతారు. మీరు తిరగేసి చూడండి, చిన్నదైన మూడోది ముందు, తర్వాత రెండోది, ఆఖర్న ఒకటోది. దాని పొడవే 230 మీటర్లు, లోపల అడుగుపెట్టగానే నోట మాట రాదు, అది ముందే చూసేస్తే మిగతా రెండూ చప్పగా ఉంటాయి. ఇప్పుడు బూడిద రంగులో కనిపించే ఈ బొమ్మలన్నిటికీ ఒకప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు పూసి ఉండేవి. మట్టిలోంచి తీసి గాలి తగలగానే రంగు కింద ఉన్న లక్క పూత ఆరిపోయి పెచ్చులుగా లేచిపోయింది. అసలు సమాధి దిబ్బను మాత్రం ఇప్పటికీ తవ్వలేదు.

ఒక జాగ్రత్త. నేను వెళ్లినప్పుడు స్టేషన్ బయట ఒకాయన నవ్వుతూ పలకరించి చవగ్గా తీసుకెళ్తానంటే ఎక్కేశాను. బండి ముందు బొమ్మల ఫ్యాక్టరీ దగ్గర ఆగింది, తర్వాత పచ్చరాళ్ల దుకాణం, ఆ తర్వాత ఇంకేదో, మ్యూజియం గేటు చేరేసరికి మధ్యాహ్నం రెండు. మీకా తిప్పలు వద్దు, మెట్రో తొమ్మిదో లైనులో హువాచింగ్ చెరువు స్టేషన్‌లో దిగి అక్కడ బస్సెక్కండి. మ్యూజియం టికెట్ కూడా పాస్‌పోర్టు నంబరుతో ముందే తీసుకోండి.

ఆదివారం పొద్దున కోటగోడ. 1370ల్లో మింగ్ రాజుల కాలంలో కట్టింది, చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైన రెండు లారీలు పక్కపక్కనే వెళ్లేంత వెడల్పు. పైన సైకిళ్లు అద్దెకిస్తారు, దక్షిణ ద్వారం దగ్గర ఎక్కి ఒక చుట్టు కొట్టడానికి రెండు గంటలు చాలు. రాళ్ల పరుపు కాబట్టి మర్నాడు మీటింగులో కూర్చోవడం కాస్త కష్టం, అంతే. లోపల పాత ఊరు, బయట అపార్ట్‌మెంట్లు, మధ్యలో గోడ మీద మీరు. ఈ ఊరిని నాకు ఇష్టం చేసింది మాత్రం సైనికులు కాదు, ఈ సైకిలే. మధ్యాహ్నం పెద్ద పగోడా చూసుకుని సాయంత్రం బండి ఎక్కేయండి.

చెన్నైలో ఉన్నప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. అలీపే, వీచాట్ యాప్‌లలో మీ కార్డు ఎక్కించుకోండి, ఓటీపీ మన నంబరుకే వస్తుంది కాబట్టి ఇక్కడైతే గొడవ ఉండదు. అక్కడ గారెల బండి లాంటి చిన్న బండి దగ్గర కూడా ఫోన్‌తోనే డబ్బు కడతారు. హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ పనిచేయవు, మన సిమ్ రోమింగ్‌లో అయితే వస్తాయి.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టను. అబ్బాయి షాంఘైలో ఉంటాడు, షియాన్ చూపిస్తానంటున్నాడు. వెళ్లాలా వద్దా? (ఒక పాఠకురాలు, అశోక్ నగర్)

జవాబు: వెళ్లండమ్మా, అబ్బాయి పిలిచినప్పుడే వెళ్లాలి. గోడ మీద బ్యాటరీ బండ్లు తిరుగుతాయి, కానీ పైకెక్కే మెట్ల దగ్గర అబ్బాయి చెయ్యి పట్టుకోవాల్సిందే. నెల మాత్రం చూసుకోండి. ఏప్రిల్, మే లేదా సెప్టెంబరు చివర మంచిది. జనవరిలో రాత్రిళ్లు సున్నా కిందికి పోతుంది, మన మార్గళి చలికే మఫ్లర్ చుట్టుకునేవాళ్లం తట్టుకోలేం. అక్టోబరు మొదటి వారం వాళ్లకి జాతీయ సెలవులు, ఎక్కడ చూసినా తిరుమల బ్రహ్మోత్సవాల రద్దీ.

తిండి అనుకున్నంత కష్టం కాదు. లియాంగ్‌పీ అని చల్లటి నూడుల్స్ ఉంటాయి, వెనిగర్, కారపు నూనె, దోసకాయ ముక్కలు వేసి కలిపిస్తారు, మామూలుగా మాంసం ఉండదు. బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ నడికట్టంత వెడల్పుంటాయి, మీద కారం చల్లి మరిగే నూనె పోస్తే మన పోపు లాగే చుయ్‌మంటుంది. ఆ పేరు రాయడానికి ఒక్క అక్షరానికే యాభైకి పైగా గీతలు గీయాలి! గుడ్డు, మాంసం, మాంసం నీళ్లు వద్దని అబ్బాయి చేత చైనీస్‌లో రాయించుకుని ఆ కాగితం చూపించండి, నోటితో చెప్తే అర్థం కాదు. మసీదు వీధిలో ఎక్కువగా మేక, గొడ్డు మాంసమే, అక్కడ దానిమ్మ రసం తాగి పక్కన 742లో మొదలైందని చెప్పే పెద్ద మసీదు చూసి వచ్చేయండి. గుమ్మటం కోసం వెతక్కండి, అచ్చం చైనా గుడిలాగే పెంకుల కప్పు, ఒకదాని వెనక ఒకటి వాకిళ్లు. స్టేషన్లలో వేడినీళ్లు ఊరికే ఇస్తారు, కప్పు ఉప్మా ప్యాకెట్లు రెండు దగ్గరుంచుకోండి.

ప్రశ్న: చెన్నైలో శుక్రవారం రాత్రి ఎక్కి సోమవారం పొద్దున ఆఫీసుకు వచ్చేలా షియాన్ కుదురుతుందా?

జవాబు: కుదరదు బాబూ. చెన్నై నుంచి నేరుగా విమానం లేదు, మధ్యలో ఎక్కడో మారాలి, గడియారం కూడా మనకంటే రెండున్నర గంటలు ముందు. వీసాకైతే చైనా కాన్సులేట్ ఇక్కడ లేనే లేదు. ఆ శని, ఆదివారాలకి మహాబలిపురం వెళ్లి రండి.

ప్రశ్న: పెరంబూరులో స్థిరపడ్డ రిటైర్డ్ టీచర్ని. షియాన్ పెద్ద పగోడాకీ మన ఆంధ్రదేశానికీ సంబంధం ఉందని మనవడికి చెప్తే నమ్మడం లేదు. మీరైనా చెప్పండి.

జవాబు: మాస్టారూ, మనవణ్ణి నా దగ్గరికి పంపండి. మన స్కూలు పుస్తకాల్లో హ్యుయాన్‌త్సాంగ్ అని చదువుకున్నామే, ఆయన కోసమే ఆ పగోడా. దేశం దాటొద్దని రాజాజ్ఞ ఉన్నా ఇదే ఊరి నుంచి, అప్పటి చాంగాన్ నుంచి మన దేశానికి బయలుదేరాడు, 645లో 657 బౌద్ధ గ్రంథాలతో తిరిగొచ్చాడు. అవి దాచడానికే 652లో పగోడా కట్టించారు. మధ్యలో ఆయన తిరిగిన చోట్లలో మన వేంగి ఉంది, ధాన్యకటకం, అంటే మన అమరావతి ప్రాంతం, ఉంది. ధాన్యకటకంలో విహారాలు చాలావరకు పాడుబడి ఉన్నాయని, ఇరవై దాకా మాత్రమే నిలిచాయని రాశాడు. అయినా అక్కడే కొన్ని నెలలు ఆగి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం అనే బౌద్ధ శాస్త్రం చదువుకున్నాడు. ఆ తర్వాత కంచికి వచ్చాడు, అక్కడ వంద దాకా విహారాలు, పదివేల మంది భిక్షువులు ఉన్నారని లెక్క చెప్పాడు.

అందుకే మొదటి ప్రశ్న అడిగిన తెనాలి అబ్బాయికి కూడా చెప్తున్నాను, టైము తక్కువైతే మసీదు వీధి వదిలెయ్ గానీ పగోడా వదలకు. ఎత్తు 64 మీటర్లు, ఏడంతస్తులు, వేరే టికెట్ కొని పైదాకా ఎక్కొచ్చు. లోపల గొప్ప శిల్పాలేం ఉండవు, ఫొటోల కోసం వెళ్లేవాళ్లకి నిరాశే. బయట దక్షిణం వైపు కర్ర పట్టుకుని నడిచే హ్యుయాన్‌త్సాంగ్ విగ్రహం ఉంటుంది. నేను దాని కింద చాలాసేపు నిలబడిపోయాను, అమరావతి పేరు ఆ ఊళ్లో ఎవరికైనా తెలుసా అని అడగాలనిపించింది గానీ భాష రాదాయె.

మనవడికి చైనా దాకా ఖర్చెందుకు మాస్టారూ, ముందు ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లి అమరావతి శిల్పాలు చూపించండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.