రక్తం ఆగితే హీట్ అయిపోయినట్టేనా?

ప్రశ్న: మా రెండేళ్ల లాబ్రడార్ హీట్‌కొచ్చి (ఎదకొచ్చి) పది రోజులైంది. రక్తం తగ్గిందని వదిలితే ఓ మగకుక్కతో జతకట్టింది. పిల్లలు వద్దు. వెంటనే ఆపరేషన్ చేయించొచ్చా? ఇంజక్షన్ ఉందా?

జవాబు: రక్తం తగ్గితే గండం గడిచిందనుకుంటారు చాలామంది. నిజానికి అప్పుడే మొదలవుతుంది. ఎర్రటి స్రావం పలచబడి గడ్డిరంగుకు మారి, తోక పక్కకు తిప్పి నిలబడుతోందంటే అది మగకుక్కను రానిచ్చే దశ. విడుదలైన అండం పక్వానికి రావడానికి మరో రెండు మూడు రోజులు పడుతుంది. వీర్యకణాలు లోపల దాదాపు వారం బతుకుతాయి. అందుకే మొత్తం మూడు వారాలూ కట్టడి తప్పదు. ఈసారి మరో మగకుక్కతో కూడా కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు!

హీట్‌లో గర్భాశయ రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోతుంది. హీట్ ముగిశాక మూడు నాలుగు వారాలు ఆగితే మేలు. అప్పటికి గర్భం నిలిచినా గర్భాశయం, అండాశయాలు కలిపి తీసేస్తారు.

ఆపరేషన్ వద్దనుకుంటే గర్భం నిలవకుండా చేసే అగ్లెప్రిస్టోన్ ఇంజక్షన్ ఉంది: కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, 24 గంటల తేడాతో రెండుసార్లు, డాక్టర్ చేతే. నెల తర్వాత గర్భం పోయిందో లేదో చూసే స్కాన్ తప్పనిసరి. పాతకాలపు ఈస్ట్రోజన్ ఇంజక్షన్ మాత్రం వద్దనే చెప్తాం. గర్భాశయంలో చీము పట్టొచ్చు, ఎముక మజ్జ దెబ్బతినొచ్చు.

హీట్ తర్వాత రెండు నెలల్లోపు నీళ్లు విపరీతంగా తాగుతూ తిండి మానేస్తే గర్భాశయంలో చీము పట్టి ఉండొచ్చు, అదే రోజు డాక్టర్‌కు చూపించండి. చీము బయటికి కారకపోతే మరీ ప్రమాదం.