గుండె ఆపేస్తారట, మళ్లీ కొట్టుకుంటుందా?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు. గుండె కవాటం మార్చాలన్నారు. గుండె ఆపేసి మెషీన్ మీద పెడతారని విన్నప్పటి నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. మధ్యలో కరెంటు పోతే?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ మెషీన్ నడిపేది నాలాంటి పర్‌ఫ్యూజనిస్టులే. అది నడుస్తున్నంతసేపూ దాని ముందు నుంచి కదలం. గుండెకు చేరాల్సిన చెడు రక్తం గొట్టంలోంచి ఆక్సిజనేటర్‌కు, అంటే మెషీన్‌లో రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగానికి వస్తుంది. నల్లగా వచ్చిన రక్తం మరో గొట్టంలో ఎర్రగా మారి ఒంట్లోకి వెళ్లడం కళ్లకు కనిపిస్తుంది. నా చూపు ఎప్పుడూ ఆ రంగు మీదే.

గుండెను ఆపేది పొటాషియం కలిపిన ద్రావణం. కవాటం కుట్టాక, గుండెకు రక్తం వెళ్లకుండా రక్తనాళానికి బిగించిన క్లాంప్ తీస్తే మళ్లీ రక్తం అందుతుంది, చాలా గుండెలు వాటంతటవే కొట్టుకుంటాయి. కొన్నింటికి చిన్న షాక్ ఇవ్వాలి. 1953లో ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ ఇలాంటి మెషీన్‌తోనే 18 ఏళ్ల అమ్మాయిని కాపాడారు.

కరెంటు పోతే బ్యాటరీ ఉంది. అదీ ఆగితే పంపును చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది.

రిస్క్ లేదని చెప్పను. రక్తస్రావం, పక్షవాతం, కిడ్నీ ఇబ్బంది కొందరికి వస్తాయి. మీ నాన్నకు ఎంత రిస్కో సర్జన్‌ను సూటిగా అడగండి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, చివర్లో ప్రోటమిన్‌తో విరుగుడు చేస్తాం. ఈ ప్రోటమిన్ కొందరికి పడకపోవచ్చు, అందుకే చేపలు తింటే ఎలర్జీ వస్తుందా, ఇన్సులిన్ వాడుతున్నారా, మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి.

ఐసీయూలో నోట్లో గొట్టం ఉన్నంతవరకు ఆయన మాట్లాడలేరు. అమ్మకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.