నాన్నను వెతికే పిల్ల కథ నాలుగో చాప్టర్లో ఎందుకు ఆగిపోతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం తెలుగులో ఒక ఫాంటసీ నవల రాస్తున్నారు. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో మాయమైపోయిన నాన్నను వెతుక్కుంటూ పదకొండేళ్ల అమ్మాయి ఇంకో లోకంలోకి వెళ్తుంది. మూడు చాప్టర్లు చకచకా అయిపోయాయి. ఆ లోకంలో అడుగుపెట్టాక కథ ముందుకు కదలనంటోంది. నాన్న కనపడకపోవడం చదివే పిల్లల్ని బెంగపెడుతుందేమోనని ఇంకో టెన్షన్.

నేను పుస్తకాలు అచ్చేసిన రచయితని కాను. బెంగళూరులోనే కె.ఆర్.పురం వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఆదివారాలు క్లబ్‌హౌస్‌లో తెలుగు పిల్లలకి అక్షరాలు నేర్పే వంకతో కథలు చెబుతుంటాను. (అక్షరాల సంగతి దేవుడెరుగు, కథకి మాత్రం హాజరు తప్పదు.) దాదాపు మీలాంటి కథనే నెలల తరబడి సీరియల్‌గా లాగాను కాబట్టి నాలుగు మాటలు చెప్పే ధైర్యం చేస్తున్నా.

మీ సారాంశంలో ఆ లోకం గురించి బోలెడు రాశారు. నాన్న గురించి మాత్రం ‘మంచివాడు, కూతురంటే ప్రాణం’ అని వదిలేశారు. చిక్కంతా అక్కడే ఉందని నాకనిపిస్తోంది. మనిషి తప్పిపోయాడని పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ముందు ఆనవాళ్లు అడుగుతారు. ఏ చొక్కా వేసుకున్నాడు, పుట్టుమచ్చలు ఎక్కడున్నాయి అని. మీ అమ్మాయి దగ్గర ఆనవాళ్లు లేవు. అందుకే నాలుగో చాప్టర్లో ఎటు నడవాలో ఆమెకీ తెలీదు, మీకూ తెలీదు. కాగితం మీద రాజ్యాల పేర్లు, మ్యాపులు ఎన్నున్నా నాన్న గురించి ఆ పిల్లకి ఒక్కదానికే తెలిసిన సంగతి ఏదో అదే ఆమెకి దారి చూపించాలి.

నా కథలో నాన్న బియ్యం కొట్టులో పనిచేస్తాడు. ఏది లెక్కపెట్టినా ఒకటి అనడు. పాతకాలం వాళ్లు ధాన్యం కొలిచేటప్పుడు అన్నట్టు ‘లాభం’ అనే మొదలుపెడతాడు. ఇంటి మెట్లు ఎక్కుతూ కూడా ‘లాభం, రెండు, మూడు’. కూతురికి అది మహా సిగ్గు. నా ఫ్రెండ్స్ ముందు అలా లెక్కపెట్టకు నాన్నా అని పోట్లాడుతుంది కూడా. తర్వాత ఆ కింది లోకంలో, తమ పేర్లే మర్చిపోయిన మనుషులు రాత్రంతా రాళ్లు మోసి లెక్క అప్పజెప్పే చోట, చీకట్లో ఎవరిదో గొంతు ‘లాభం’ అంటుంది. అంతవరకు కార్పెట్ మీద దొర్లుతున్న పిల్లలు టక్కున లేచి కూర్చున్నారు. ఒకడైతే ‘ఆంటీ, వాళ్ల నాన్నే, వాళ్ల నాన్నే!’ అని తిరిగి నాకే చెప్పడం. అదే కథలో మాట్లాడే తాబేలు పాత్ర కోసం నేను పడ్డ ప్రయాసంతా ఆ ఒక్క మాట ముందు దిగదుడుపే.

ఇలాంటి ఆనవాలు మెచ్చుకోలుగా ఉండక్కర్లేదు. ఆ పిల్లకి చిరాకు తెప్పించేదైతే ఇంకా మంచిది. ఇంట్లో ఉన్నప్పుడు విసుక్కున్న గురక కోసమే అక్కడ చెవులు రిక్కించాల్సి వస్తుంది కదా.

మనకి ఈ తరహా కథ కొత్తేమీ కాదు. బాలనాగమ్మ కథ ఉంది. ఉయ్యాల్లో బిడ్డ ఉండగానే తల్లిని మాయల ఫకీరు ఎత్తుకుపోతాడు, ఆ బిడ్డ బాలవర్ధిరాజు పెరిగి తల్లి కోసం బయల్దేరతాడు. బుర్రకథల్లో ఊరూరా తిరిగింది, 1942లో మద్రాసు జెమినీ వాళ్లు సినిమాగా తీశారు. మా నాయనమ్మ చెప్పిన పద్ధతిలో, కుర్రాడు కోటలోకి కత్తి దూసుకుంటూ పోడు. పూలమ్మే తంబళ్ల పెద్దికి మనవడిగా చేరతాడు. పూలదండతోపాటే తల్లికి కబురు వెళ్తుంది. లోపల తల్లి కూడా ఏడుస్తూ కూర్చోలేదు. నోము పట్టానని చెప్పి ఫకీరుని ఏళ్ల తరబడి దూరంగా ఉంచింది. నీ ప్రాణం ఎక్కడుందయ్యా అని వాడి చేతే చెప్పించింది. ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందన్న రహస్యం తల్లి రాబట్టిందే. చిలకని తేవడం కొడుకు పని.

మీ నవలకి ఇక్కణ్ణుంచి తీసుకోవాల్సింది ఇదే. మీ కథలో నాన్న ఆ లోకంలో ఏం చేస్తున్నాడు? గొలుసులతో కట్టేసి, ఆఖరి చాప్టర్లో విప్పడానికి ఉంచిన మూటలా కూర్చోబెట్టకండి. అటువైపు నుంచి ఆయన కూడా ఏదో ఒకటి పంపుతుండాలి. గుర్తు కావచ్చు, సగం సమాచారం కావచ్చు, తప్పుదారి పట్టించే అబద్ధం కూడా కావచ్చు. అప్పుడు ప్రతి చాప్టర్లో ఆయన లేకుండానే ఉంటాడు.

ఇక మెజెస్టిక్. చోటు బాగా ఎంచుకున్నారు, కానీ ఉన్న సరుకు వాడుకోలేదు. ఆ బస్టాండు ఉన్నది ఒకప్పటి ధర్మాంబుధి చెరువులోనే. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువు ఉండేది. అంటే ఊరి కింద పూడ్చేసిన చెరువులున్నాయి. పిల్లలకి చెప్పి చూడండి, ‘అయితే ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి?’ అని వెంటనే అడుగుతారు. మీ లోకం అక్కడ తయారవుతుంది. బెంగళూరుని స్థాపించిన కెంపేగౌడ పేరుతో నాలుగు గోపురాలున్నాయి, ఊరు వాటిని దాటి పెరిగితే అరిష్టమని ఓ కథ చెబుతారు. లాల్‌బాగ్ బండ మీద ఒకటి, హలసూరు చెరువు దగ్గర ఒకటి, కెంపాంబుధి చెరువు దగ్గర ఒకటి, మేఖ్రి సర్కిల్ దగ్గర ఒకటి. ఊరు వాటిని ఎప్పుడో దాటేసింది. మా కె.ఆర్.పురమైతే ఆ లెక్కన అరిష్టంలోనే ఉంది, పొద్దున ట్రాఫిక్ చూస్తే నిజమే అనిపిస్తుంది కూడా.

కథకి గడువు కావాలంటే చైత్ర పున్నమి రాత్రి జరిగే బెంగళూరు కరగ ఉత్సవం ఉంది. తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి పూజారి మల్లెపూల కరగ (పూలతో అలంకరించిన కుండ) నెత్తిన పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా నడుస్తుంటే, చుట్టూ కత్తులతో వీరకుమారులు వెంట రాగా ఊరేగింపు తెల్లవార్లూ తిరుగుతుంది, దారిలో మస్తాన్ సాబ్ దర్గా దగ్గర ఆగుతుంది. కాకపోతే ఆ పూజారినో దేవతనో మీ కథలో పాత్రగా లాక్కురాకండి. జనానికి అది నమ్మకం, మనకి అలంకారం కాకూడదు. ఆ రాత్రి ఊరంతా మేలుకుని ఉంటుంది కాబట్టి పదకొండేళ్ల పిల్ల వీధిలో ఉన్నా ఎవరూ పట్టించుకోరు, అంతవరకు వాడుకోండి చాలు.

పిల్లలు అడిగే లాజిక్కులు మాత్రం ముందే తేల్చేసుకోండి. ‘ఫోన్ ఎందుకు చెయ్యలేదు?’ మొదటిది. ‘లైవ్ లొకేషన్?’ రెండోది. వీటికి రెండు వాక్యాల్లో సమాధానం చెప్పేసి ముందుకెళ్లిపోండి, ఛార్జింగ్ అయిపోయిందన్నా సర్దుకుంటారు. ‘వాళ్లమ్మ పోలీసులకి చెప్పలేదా?’ అన్న దగ్గర మాత్రం జాగ్రత్త. పెద్దవాళ్లెవరూ పట్టించుకోలేదని రాస్తే పిల్లలు నమ్మరు, నమ్మితే ఇంకా కష్టం. అమ్మా పోలీసులూ నిజంగానే వెతకాలి, కానీ వాళ్లకి కనబడే చోట్లే వెతకాలి. బస్టాండు సీసీటీవీలో నాన్న ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంటాడు, తర్వాత ఉండడు. ఆ తర్వాతది అమ్మాయి వంతు.

భయం గురించి అడిగారు. రాక్షసులకి మా పిల్లలెవరూ భయపడలేదు. ఒక పాప, తొమ్మిదేళ్లుంటాయేమో, అందరూ వెళ్లిపోయాక చెప్పుల స్ట్రాప్ పెట్టుకుంటూ తల ఎత్తకుండా అడిగింది: ‘వాళ్ల నాన్న కావాలనే వెళ్లిపోయాడా ఆంటీ?’ వాళ్లింటి సంగతులు నాకు తెలీవు, అడగలేదు కూడా. లేదమ్మా, ఇంటికి రావాలనే చూస్తున్నాడు, దారి లేదు అన్నాను. సరే అని వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం కథ అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. అందరికీ ఆ సంగతి తెలియాలనిపించింది.

నాలుగో చాప్టర్ రాసేముందు ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉండాలి, పుస్తకం సగానికి వచ్చేలోపు చదివేవాళ్లకి తెలియాలి. ఆఖరి పేజీ దాకా సస్పెన్స్‌గా దాచే విషయం కాదిది. ఏ అపార్ట్‌మెంట్ తీసుకున్నా నాన్న దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న పిల్లలుంటారు, అమ్మానాన్నా విడిపోయిన పిల్లలుంటారు, కోవిడ్‌లో పోగొట్టుకున్నవాళ్లూ ఉంటారు. అందుకే చనిపోయిన నాన్నని మంత్రంతో వెనక్కి తెచ్చే కథ మాత్రం రాయకండని నేను గట్టిగా చెబుతాను. ఒకవేళ నాన్న కావాలనే వెళ్లినవాడైతే దానికి పిల్ల కారణం కాదని ఆయన నోటితోనే, సూటిగా, ఒక్కసారైనా చెప్పించండి.

ఇక దొరికాక ఏంటి? చాలామంది అక్కడ కౌగిలింతతో కథ ఆపేస్తారు. 1962లో వచ్చిన మాడలిన్ లెంగల్ నవల ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ ఒకసారి తిరగెయ్యండి, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ వచ్చిన పుస్తకం. అందులో మెగ్ అనే అమ్మాయికి తప్పిపోయిన నాన్న కథ ముగియకముందే దొరికేస్తాడు. దొరికాడు కదా, ఇక అన్నీ ఆయనే చూసుకుంటాడనుకుంటుంది. ఆయన వల్ల కాదు. తమ్ముణ్ణి వదిలేసి రావాల్సి వస్తుంది, ఆ పిల్లకి నాన్న మీద పట్టలేనంత కోపం వస్తుంది, చివరికి తమ్ముడి కోసం తనే ఒంటరిగా వెనక్కి వెళ్తుంది. ఆ కోపమే నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే నిజమనిపించింది. మీ అమ్మాయికీ కోపం రానివ్వండి. ఇన్నాళ్లూ ఏమైపోయావని నిలదియ్యనివ్వండి.

నా కథలో నాన్న దొరికినప్పుడు ఆయనకి కూతురి పేరు గుర్తులేదు. పిల్లలు ఒప్పుకోలేదు, గోల చేశారు. తర్వాత గుర్తొచ్చాక ఒక బాబుకి వేరే అభ్యంతరం: ‘స్కూల్ ఎగ్గొట్టి ఒక్కత్తే వచ్చినందుకు తిట్టాలి కదా? మా నాన్నయితే తిడతాడు.’ వాడన్నది కరెక్టే. తర్వాతి ఆదివారం భాగంలో నాన్న చేత బాగా తిట్టించాను. ఇంటికి తిరిగొచ్చే దారి పొడుగునా తిట్లే. పిల్లలకి నచ్చిన భాగం అదే, ఇప్పటికీ ఆ తిట్లు ఒకళ్లనొకళ్లు అనుకుంటుంటారు.

భాష గురించి మీరు చివర్లో అడిగారు. అమ్మాయి ఇంట్లో మాట్లాడే తెలుగునే రాయండి, బస్సులో కండక్టర్ కన్నడంలోనే ‘ముందె హోగి’ అనాలి, అర్థం చెప్పక్కర్లేదు. చాప్టర్లు చిన్నవి చేసి, ఏదో ఒక ప్రమాదం దగ్గర ఆపండి. చందమామ సీరియళ్లలో దాసరి సుబ్రహ్మణ్యం గారు దశాబ్దాలపాటు చేసింది అదే. నాలుగో చాప్టర్ రాయగానే మాత్రం ఎడిటింగ్ గిడిటింగ్ అని కూర్చోకుండా ఎవరైనా పదేళ్ల పిల్లకి పైకి చదివి వినిపించండి. నీళ్లు తాగొస్తానని లేచిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, ఆ పేరా తీసెయ్యండి.