రివాల్వర్ తూటాలు ఇంట్లో నింపుకుంటే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. గ్రీన్‌కార్డు వచ్చాక రెండు రివాల్వర్లు కొన్నాను, ఒకటి .357 మాగ్నమ్, ఇంకోటి .45 కోల్ట్. మొదట్లో నేర్చుకోవడానికి కొన్న .22 కూడా ఉంది. నెలకోసారి రేంజికి వెళ్లి .38 స్పెషల్ తూటాలు (.357 రివాల్వర్‌లో ఇవీ పడతాయి) వంద, .45 కోల్ట్ యాభై కాలుస్తాను. ఖర్చు చూసి మా ఆవిడ, ఆ డబ్బు పాప చదువుకు వేయొచ్చు కదా అంటోంది. కాల్చిన కేసులు పారేయకుండా ఒక డబ్బాలో దాస్తున్నాను. వాటిని మళ్లీ నింపే రీలోడింగ్ టరెట్ ప్రెస్ ఒకటి చూశాను, అది, అందులో బిగించే అచ్చులు (డైలు), తూకం అన్నీ కలిపి 760 డాలర్లవుతాయట. ఏ తూటాలు ఇంట్లో నింపుకుంటే లాభం? హెచ్‌1బీ మీద ఉన్న ఒక మిత్రుడు సగం డబ్బు పెడతాను, ఇద్దరం వాడుకుందాం అంటున్నాడు. ఇంకొకాయన 9 ఎంఎం రివాల్వర్ కొనుక్కో, తూటాలు చవక అంటున్నారు. మా దగ్గర ధరలు రాసి పంపుతున్నాను.

జవాబు: ముందుగా, ధరలన్నీ రాసి పంపినందుకు సంతోషం. ఇలాంటి ప్రశ్నకు ఊరికే అవును, కాదు అని చెప్పలేం, లెక్క చేసి చూడాల్సిందే. చాలామంది ఒక్కో తూటాకు ఎన్ని సెంట్లు మిగులుతాయో చూసి ఆగిపోతారు. నేను మాత్రం మీరు ప్రెస్ ముందు కూర్చున్న ఒక్కో గంటకు ఎన్ని డాలర్లు మిగులుతాయో చూస్తాను. ఏ తూటా నింపుకోవాలో, ఏది పెట్టె కొనుక్కోవాలో అక్కడే తేలిపోతుంది.

తూటాలో ఉండేవి నాలుగు: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పౌడర్, ముందు బయటికి దూసుకెళ్లే బుల్లెట్. కాల్చాక మిగిలేది కేసు ఒక్కటే, ఖరీదైన భాగమూ అదే. మీరు పాత కేసులు డబ్బాలో దాచానన్నారు కాబట్టి వాటికి ఖర్చు వేయడం లేదు. మీరు రాసిన ధరల ప్రకారం ప్రైమర్ ఎనిమిది సెంట్లు, .38కి సీసం బుల్లెట్ పది సెంట్లు. పౌడర్ పౌను 40 డాలర్లు. పౌడర్‌ను గ్రెయిన్లలో తూస్తారు, పౌనుకు 7,000 గ్రెయిన్లు. .38 స్పెషల్‌కు కొంచెమే పడుతుంది కాబట్టి తూటాకు మూడు సెంట్లనుకోండి. మొత్తం 21 సెంట్లు. కొట్లో యాభై తూటాల పెట్టె 25 డాలర్లు, అంటే ఒక్కోటీ 50 సెంట్లు. మిగిలేది 29 సెంట్లు.

.45 కోల్ట్ 1873 నాటి తూటా. ఇప్పటికీ అమ్ముడవుతుంది గానీ 9 ఎంఎం లాగా గుట్టలు గుట్టలుగా తయారు చేయరు, అందుకే ధర దిగదు. మీ దగ్గర పెట్టె 50 డాలర్లు, తూటా ఒక డాలరు. ఇంట్లో నింపితే ప్రైమర్ 8, బుల్లెట్ 15, పౌడర్ 5, మొత్తం 28 సెంట్లు. ఒక్కోదానికి 72 సెంట్లు మిగులుతుంది.

ఇప్పుడు గంటల సంగతి. మీరు చూసిన టరెట్ ప్రెస్ మీద తొందరపడకుండా, తనిఖీలతో సహా, గంటకు వంద తూటాలు వస్తాయనుకుందాం. .45 కోల్ట్ మీద గంటకు 72 డాలర్లు, .38 మీద 29 డాలర్లు మిగిలినట్టు. అదే 9 ఎంఎం పెట్టెలో తూటా 25 సెంట్లు, ఇంట్లో నింపినా 20 అవుతుంది. గంటంతా కూర్చుంటే ఐదు డాలర్లు. ఆ గంట పాపతో గడపండి. 9 ఎంఎం కాల్చాలనుంటే పెట్టె కొనుక్కోండి, దానికోసం ప్రెస్ వద్దు. తూటాలు చవకని కొత్త రివాల్వరే కొనడం మాత్రం అస్సలు వద్దు. ఏడాదికి 1,200 తూటాల మీద 300 డాలర్లు మిగులుతాయని 800 డాలర్ల వస్తువు కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికే రెండున్నరేళ్లు పైన పడుతుంది. పైగా చేతిలో ఉన్న రివాల్వర్ మూలన పడుతుంది.

.22 గురించి ఒక్క మాట. దాని ప్రైమర్ మందు కేసు అంచులోనే ఉంటుంది, మార్చే వీలు లేదు. పెట్టె కొనుక్కోవడమే.

.357 మాగ్నమ్ దగ్గర జాగ్రత్తగా ఉండండి. పెట్టె ధర 35 డాలర్లు చూసి, ఇంట్లో నింపితే బోలెడు మిగులుతుందని చాలామంది సంబరపడతారు. కానీ రేంజిలో చేయి నొప్పి పుట్టకుండా ఉండాలని .357 కేసులోనూ తేలిక లోడే, అంటే తక్కువ జోరుతో పేలేలా, నింపుతారు. అప్పుడు పోల్చాల్సింది .38 పెట్టెతోనే గానీ .357 పెట్టెతో కాదు. మీ రివాల్వర్‌లో .38 స్పెషల్ ఎలాగూ పడుతుంది, రెండింటికీ ఒకే డైల సెట్టు సరిపోతుంది. కాబట్టి ప్రాక్టీసుకు .38 నింపుకోండి. ఏడాదికి రెండు మూడు పెట్టెల నిజమైన .357 కావాలంటే కొట్లోనే తెచ్చుకోండి. రేపు .44 మాగ్నమ్ మీదికి మనసు పోతే, ఫుల్ లోడుకు పౌను పౌడర్ సుమారు మూడు వందల తూటాలకే అయిపోతుంది. అయినా పెట్టె ధర అంతకంటే ఎక్కువ కాబట్టి అదీ .45 కోల్ట్ వైపే చేరుతుంది.

రివాల్వర్ వాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. పిస్టల్ కాల్చగానే కేసు ఎగిరి ఎక్కడో పడుతుంది, కింద పడ్డది రేంజి వాళ్లదే అనే చోట్లూ ఉన్నాయి. రివాల్వర్‌లో ఆరు కేసులూ సిలిండర్‌లోంచి మీ అరచేతిలోకే వస్తాయి. తేలిక లోడుతో వాడితే ఒక .38 కేసు పదిసార్లకు తక్కువ కాకుండా వస్తుంది. మూతి దగ్గర వెంట్రుకంత చీలిక కనబడిందంటే దాని పని అయిపోయినట్టే, పారేయండి. పెట్టెలు కొనేటప్పుడు ఇత్తడి కేసులవే తీసుకోండి, అల్యూమినియంవి మళ్లీ నింపడానికి పనికిరావు.

మీ వాడకానికి ఏడాది లెక్క వేశాను. .38 వి 1,200, మిగులు 348 డాలర్లు. .45 వి 600, మిగులు 432. మొత్తం 780. సామాన్లకు పెట్టిన 760 ఏడాదిలో తిరిగి వచ్చేస్తుంది, అందుకు మీరు పెట్టాల్సింది 18 గంటలు. నా సలహా: కొనండి. కానీ మొదటి రోజే చేతి నుంచి పోయేది 760 కాదు. .38కి చిన్న ప్రైమర్లు, .45కి పెద్దవి కావాలి, వెయ్యి చొప్పున 160 డాలర్లు. బుల్లెట్లు రెండు రకాలూ వెయ్యేసి, 250. రెండింటికీ పనికొచ్చే పౌడర్‌ను రీలోడింగ్ మాన్యువల్‌లో (ఏ తూటాకు ఏ పౌడర్ ఎంత వేయాలో చెప్పే పుస్తకం) చూసి ఎంచుకుంటే ఒక పౌను, 40. మొత్తం 1,210. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రైమర్లకీ పౌడర్‌కీ ప్రమాదకర సరుకు రుసుము అదనం, కాబట్టి రెండూ ఒకే కొట్లో ఒకే ఆర్డరులో తెప్పించుకోండి. ఈ మొత్తం చేతిలో లేకపోతే ఆగండి. క్రెడిట్ కార్డు మీద తీసి నెలనెలా కడితే మిగిలేదంతా వడ్డీకే పోతుంది.

2020, 2021లో ప్రైమర్లు దొరక్క జనం నానా అవస్థలూ పడ్డారు. ఆ భయంతో గుట్టలు పోయకండి. అమెరికా అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రమాణం ప్రకారం ఇంట్లో ప్రైమర్లు 10,000కు మించకూడదు, పౌడర్ 20 పౌన్లు దాటితే కనీసం అంగుళం మందం గోడలున్న చెక్క పెట్టెలో పెట్టాలి, అప్పుడైనా 50 పౌన్లు దాటకూడదు. మీకు ఏడాదికి సరిపడా నిల్వ చాలు. మీ ఊరి ఫైర్ కోడ్, ఇంటి ఇన్సూరెన్సు కాగితాలు కూడా ఒకసారి చూసుకోండి.

మీ మిత్రుడి విషయంలో మాత్రం ఖచ్చితంగా చెబుతున్నాను, వద్దు. హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ మందుగుండు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఆ చట్టంలో మందుగుండు అంటే నింపిన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ విడివిడిగా ఉన్నా అదే లెక్క. సగం డబ్బు పెట్టి గ్యారేజీలో మీ పక్కన కూర్చున్న ఆ అబ్బాయి జైలునూ, గ్రీన్‌కార్డునూ పణంగా పెడుతున్నాడు. ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా ఆ ఛాయలకు రావద్దని చెప్పండి. మీరు నింపినవి స్నేహితులకు అమ్మడమూ వద్దు. అమ్మకానికి తయారు చేయాలంటే ఫెడరల్ లైసెన్సు ఉండాలి.

పోయిన చలికాలం ఒక క్లయింటు గ్యారేజీలో గంటసేపు కూర్చుని చూశాను. యాభై గుంతలున్న చెక్క పలకలో కేసులు నిలబెట్టి పౌడర్ పోశారు. బుల్లెట్లు పెట్టేముందు టార్చిలైటు వేసి ఒక్కో కేసులోకీ తొంగి చూశారు. ఒకదాని దగ్గర ఆగారు. అందులో పౌడర్ లేదు. అది అలాగే తూటా అయివుంటే, ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. గమనించక ఇంకోటి కాలిస్తే రివాల్వర్ పోతుంది, చేయి కూడా పోవచ్చు. రెండుసార్లు పౌడర్ పడ్డా అంతే ప్రమాదం, .38 కేసు పెద్దది కాబట్టి రెండింతలు పోసినా పొంగదు. ఇంట్లో నింపిన తూటాల వల్ల పాడైతే వారంటీ చెల్లదని చాలా రివాల్వర్ కంపెనీలు ముందే రాసి పెడతాయి. కాబట్టి ఫోను పక్కన పెట్టండి. అచ్చయిన మాన్యువల్‌లోని కొలత తప్ప ఎవరి మాటా వినకండి. సీసం దుమ్ము ఉంటుంది, ఈ పని వంటింటి బల్ల మీద వద్దు. లేవగానే చేతులు కడుక్కుని అప్పుడు పాపను ఎత్తుకోండి.

హైదరాబాదుకు వచ్చేటప్పుడు రేంజికి వాడిన సంచీ తేవద్దు. అడుగున ఒక్క తూటా దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టేయగలరు.

ఇక మీ ఆవిడ అడిగిన మాట. నింపుకోవడం మొదలుపెట్టిన చాలామందికి ఏడాది తిరిగేసరికి డబ్బు మిగలదు, తూటా చవకైందని రెట్టింపు కాలుస్తారు. అందుకని ప్రెస్ బిగించిన నెల నుంచే నెలకు 65 డాలర్లు పాప 529 ఖాతాలోకి (పిల్లల చదువుకు దాచే ఖాతా) ఆటోమేటిగ్గా వెళ్లేలా పెట్టండి. మీ 780 అదే, పన్నెండు నెలలకు పంచాను. ఆ 65 పోయాక మిగిలిన దాంట్లోనే ప్రైమర్లూ బుల్లెట్లూ కొనాలి.

ఇవాళ రాత్రి ఆ డబ్బా బోర్లించి .45 కేసులు లెక్కపెట్టండి. రెండు వందలుంటే వచ్చే నెల ప్రెస్ కొనొచ్చు. లేకపోతే ఇంకో రెండు మూడు పెట్టెలు కొట్లోనే కొని కాల్చి, ఆ కేసులు దాచుకున్నాక కొనండి.